ఇంకొకరి ఉత్తరం మనమెందుకు చదువుతాం?

"మా అత్తగారి దగ్గర మా ఇంటి తాళంచెవి ఒకటుంది. చెప్పాపెట్టకుండా వచ్చి వంటగది సర్దేసి వెళుతుంది. ఆయనతో అంటే, సాయమే కదా చేస్తోంది అంటాడు. నేనే తప్పుగా ఆలోచిస్తున్నానా?"

బ్రిటన్ పత్రికల్లో ఇలాంటి ఉత్తరం ఏదో ఒకటి కనబడని వారం ఉండదు. రాసినావిడ మాంచెస్టర్‌లో ఉండే ఇంగ్లిష్ ఆవిడ కావచ్చు. చదివేది రెడింగ్‌లోనో లెస్టర్‌లోనో ఉంటున్న తెలుగావిడ కావచ్చు. ఈవిడ అత్తగారు అనకాపల్లిలో ఉంటారు, తాళంచెవి గొడవే లేదు. అయినా ఉత్తరం ఆసాంతం చదువుతుంది, జవాబూ చదువుతుంది, వచ్చేవారం ఇంకో ఇంటి సంగతి కోసం ఆ పేజీయే ముందు తీస్తుంది. ఎవరింటి గొడవో మనకెందుకని పెద్దలు ఎంత చెప్పినా ఈ అలవాటు పోదు. ఈ దేశంలో దీనికి మూడు వందల ముప్ఫై ఏళ్లు దాటాయి. పత్రికలు పుట్టాయి, మూతపడ్డాయి. సలహాల శీర్షిక మాత్రం ఒకచోట ఆగితే ఇంకోచోట మొదలవుతూనే ఉంది. ఎందుకో నెమ్మదిగా చూద్దాం.

ఇది ఎలా మొదలైంది?

లండన్‌లో బ్యాంక్ స్టేషన్ నుంచి పైకొస్తే నగర మేయరు ఉండే మాన్షన్ హౌస్ కనబడుతుంది. 18వ శతాబ్దం నడుమ దాన్ని కట్టకముందు ఆ స్థలంలో స్టాక్స్ మార్కెట్ అనే సంత ఉండేది. అక్కడే స్మిత్ కాఫీ హౌసు. 1691 మార్చిలో జాన్ డంటన్ అనే పుస్తకాల వ్యాపారి ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు. ఏ ప్రశ్నయినా సరే రాసి ఆ కాఫీ హౌసుకు పంపండి, మీ పేరు చెప్పనక్కర్లేదు, జవాబు అచ్చువేస్తాం అని ప్రకటించాడు. అదే తర్వాత ఏథీనియన్ మెర్క్యురీగా పేరు తెచ్చుకుంది. సెయింట్ జార్జ్ ఫీల్డ్స్‌లో మిత్రులతో నడుస్తుండగా ఈ ఆలోచన తట్టిందనీ, యాభై గినీలిచ్చినా దీన్ని వదులుకోనని అప్పుడే వాళ్లతో అన్నాననీ డంటన్ తరువాత చెప్పుకున్నాడు.

జవాబులిచ్చేది గొప్ప పండితుల సంఘమని పాఠకులు అనుకునేవారు. నిజానికి ఉన్నది ముగ్గురు నలుగురు: డంటన్, రిచర్డ్ సాల్ట్ అనే లెక్కల మాస్టారు, డంటన్ తోడల్లుడు శామ్యూల్ వెస్లీ, అప్పుడప్పుడు సాయపడే తత్వవేత్త జాన్ నోరిస్. ఈ వెస్లీ కొడుకే తరువాత మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ. మతం, గాలివాన, నక్షత్రాలు, పెళ్లి, పెళ్లి మాట తప్పిన మగవాడు, అన్నీ ఒకే కాగితంలో వచ్చేవి. ఆడవాళ్ల నుంచి ప్రశ్నలు ఎక్కువై 1693లో లేడీస్ మెర్క్యురీ అని ప్రేమ, పెళ్లి విషయాలకే ఒక పత్రిక వచ్చింది. అది నాలుగు సంచికలతోనే ఆగిపోయింది కానీ, దారి వేసింది.

ఇదంతా అప్పుడే ఎందుకు జరిగిందంటే, లండన్‌లో 1680లో విలియం డాక్రా పెన్నీ పోస్టు పెట్టాడు. ఒక్క పెన్నీకి ఊళ్లో ఎక్కడికైనా ఉత్తరం చేరేది. అంతకుముందు రహస్యం అడగాలంటే ఎవరో ఒకరి ముందు నిలబడాలి. ఫాదరీ దగ్గరికి వెళితే ఆయన మన ముఖం చూస్తాడు. వైద్యుడికి మన ఇల్లు తెలుసు. చవగ్గా ఉత్తరం వేసే వీలు కలిగిన పదకొండేళ్లకే, ముఖం చూపించకుండా మనసు విప్పే వీలు కూడా అచ్చులోకి వచ్చింది.

మనది కాని కష్టాన్ని మనం ఎందుకు చదువుతాం?

అందరూ చెప్పే మొదటి కారణం, మనిషికి సాటి మనిషి సంగతులంటే ఆసక్తి. ఇది నిజమే. మనుషుల మామూలు సంభాషణలను వింటూ పరిశీలించిన బ్రిటిష్ శాస్త్రవేత్త రాబిన్ డన్బర్, ఆయన సహచరులు 1997లో ప్రకటించిన దాని ప్రకారం మాట్లాడుకునే కాలంలో దాదాపు మూడింట రెండు వంతులు ఎవరు ఎవరితో ఎలా ఉన్నారన్న ముచ్చట్లకే పోతుంది. కానీ ఈ కారణం ఒక్కటే చాలదు. పక్కింటి సంగతి రుచించేది పక్కింటావిడ మనకు తెలుసు కాబట్టి. ఉత్తరం రాసినావిడ ఎవరో మనకు తెలియదు, ఎప్పటికీ తెలియదు.

అసలు కారణం నాకు విక్టోరియా రాణి కాలం నాటి పత్రికల్లో కనబడుతుంది. రెలిజియస్ ట్రాక్ట్ సొసైటీ 1880లో గర్ల్స్ ఓన్ పేపర్ అని ఆడపిల్లల పత్రిక మొదలుపెట్టింది. పాఠకుల ఉత్తరాలకు అందులో జవాబులు వచ్చేవి. జవాబులు మాత్రమే! ప్రశ్న వేసేవారు కాదు. కలం పేరు, దాని పక్కన జవాబు, అంతే. అతనికి ఉత్తరాలు రాయడం మానెయ్యి అని ఒకరికి, మీ అమ్మగారికి చెప్పు అని మరొకరికి, ముందు నీ చేతిరాత బాగుచేసుకో అని ఇంకొకరికి. ఇలాంటివి వరుసగా చిన్న అచ్చులో నింపేవారు. ఆ పేజీ నేటికీ చదివిస్తుంది. "మీ అమ్మగారికి చెప్పు" అన్న మూడు మాటలు చూడగానే ఆ పిల్ల ఏం రాసి ఉంటుందోనని మన బుర్ర కథ అల్లడం మొదలుపెడుతుంది.

ఇప్పటి శీర్షికల్లో జరిగేది దీనికి తలకిందులు. ప్రశ్న మొత్తం చదువుతాం. జవాబు మొదలయ్యే చోట క్షణం ఆగుతాం. ఆ క్షణంలోనే మన తీర్పు చెప్పేస్తాం. "ఆ మొగుడిదే తప్పు," "ఈవిడా తక్కువది కాదు," "ముందు ఆ తాళం మార్పించాలి." అప్పుడు జవాబు చదివి మనదాంతో పోల్చుకుంటాం. కలిస్తే సంతోషం. కలవకపోతే ఆ రోజంతా లోలోపల వాదన. ఈ శీర్షికలో పాఠకుడు ఊరికే చూసేవాడు కాదు, ముందుగా జవాబు చెప్పేవాడు. పత్రికలో ఇంకే పేజీ మనకింత పని కల్పించదు.

ఈ సంగతి పత్రికలవాళ్లు బాగా పసిగట్టారు. ఇండిపెండెంట్‌లో వర్జీనియా ఐరన్‌సైడ్ తన సలహాతో పాటు పాఠకులు పంపిన సలహాలూ వేసేవారు. గార్డియన్‌లో 'యూ బీ ద జడ్జ్' అనే శీర్షికలో ఇద్దరు తమ ఇంటి తగువు చెరోవైపు నుంచి చెబుతారు, తీర్పు పాఠకులది. అంట్లు ఎవరు కడగాలి, హీటింగ్ ఎంతలో పెట్టాలి లాంటివి. చూడ్డానికి చిల్లర తగాదాలే. కానీ వాటి అడుగున ఉండేది ఎవరి మాట చెల్లాలి అన్న ప్రశ్న. అది ఏ దేశపు కాపురంలోనైనా ఉంటుంది.

పేరు లేకపోవడానికి అంత బలం ఎలా వచ్చింది?

తీర్పు చెప్పే పాఠకుడి గురించి ఇంతసేపు మాట్లాడాను. ఇంకో పాఠకుడు ఉన్నాడు. అతడు తీర్పు చెప్పడు, ఉత్తరం చదివి పేజీ గబుక్కున తిప్పేస్తాడు. ఎందుకంటే అది తన ఉత్తరమే. తను రాయలేదు, రాయలేడు, ఇంకెవరో రాశారు. సలహాల శీర్షిక అసలు విలువ ఈ పాఠకుడిలో ఉందని నా నమ్మకం.

చాడ్ వారా అనే చర్చి గురువు జీవితంలో ఒక సంగతి ఈ మాటకు సాక్ష్యం. ఆయన వృత్తిలోకి వచ్చిన కొత్తలో, 1935లో, ఒక పద్నాలుగేళ్ల పిల్లకు అంత్యక్రియలు జరిపించాల్సి వచ్చింది. నెలసరి మొదలైతే అది చెడ్డ జబ్బు అనుకుని ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. అడగడానికి ఆమెకు ఒక్క మనిషి లేకపోయాడు. ఆ మరణం వారాను వదల్లేదు. 1952లో పిక్చర్ పోస్ట్ పత్రికలో లైంగిక విషయాల గురించి దాపరికం లేకుండా రాస్తే, ఆయనకు సలహా అడుగుతూ ఉత్తరాలు వెల్లువెత్తాయి. వాటిలో బతుకు మీద ఆశ వదులుకున్నవాళ్లవీ ఉన్నాయి. మరుసటి ఏడాది, 1953 నవంబరులో, ఆయన లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో ఒక టెలిఫోను పెట్టి సమారిటన్స్ సంస్థ ప్రారంభించారు. ఆ చర్చి ఉన్నది మాన్షన్ హౌస్‌కు సరిగ్గా వెనక. డంటన్‌కు పేరు లేని ఉత్తరాలు చేరిన చోటికి నాలుగడుగుల దూరంలోనే, రెండున్నర శతాబ్దాల తరువాత, పేరు లేని గొంతులు వినే ఫోను మోగింది.

మన ఊళ్లలో అడగడానికి మనిషి లేని పరిస్థితి తక్కువ. అరుగు మీద కూర్చుంటే సలహాకు కొదవ ఉండదు. మన ఇబ్బంది వేరు: అడిగిన మాట సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. అందుకే అక్కడా ఈ శీర్షికలు వేళ్లూనుకున్నాయి. మద్రాసులో ఉంటూ మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. వంటకాలు, కుట్లు, ఆరోగ్యం, అత్తాకోడళ్ల తగువులు, మొగుడి అనుమానాలు, అన్నిటికీ ఆవిడ దగ్గర జవాబుండేది. తరువాత స్వాతిలో 'నన్ను అడగండి' రాశారు. అదే స్వాతిలో డాక్టర్ సమరం గారి పేజీ ఇంట్లో ఎవరూ చూడకుండా చదివినవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంతమందో! వాళ్లలో చాలామందికి శరీరం గురించి నిజం చెప్పిన మొదటి మనిషి ఆయనే. విజయవాడ నుంచి ఆయన చేసిన మేలు తక్కువది కాదు.

బ్రిటన్‌కు వచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ రెండు ఇబ్బందులూ ఒకేసారి ఎదురవుతాయి. పక్కింటి ఇంగ్లిష్‌వాళ్లు గుడ్ మార్నింగ్ దాటి అడగరు. ఇంటికి ఫోన్ చేసి అమ్మతో చెబితే ఆవిడ రాత్రంతా నిద్రపోదు, పైగా వీసా పెట్టుకుని బయల్దేరతానంటుంది. ఊళ్లో ఉన్న తెలుగువాళ్లతో చెబుదామంటే అందరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. మొగుడి వీసా మీద డిపెండెంట్‌గా వచ్చిన అమ్మాయి, చదువుకోసం అప్పుచేసి వచ్చి ఉద్యోగం దొరకని అబ్బాయి, మనవల్ని చూసుకోవడానికి వచ్చి ఇంట్లోనే ఉండిపోయిన పెద్దాయన, ఎవరి మాట వాళ్ల గొంతులోనే ఉండిపోతుంది. అలాంటి మనిషి రైల్లో ఎవరో వదిలేసిన పేపరు తీసి, "మా ఆయన నా జీతం మొత్తం తన ఖాతాలోనే వేయించుకుంటాడు, ఇది మామూలేనా?" అన్న ప్రశ్న చదివితే, అది కాలక్షేపం కాదు. "ఇది మామూలు కాదు" అన్న జవాబు ఆ మనిషికి మొదటిసారి అక్కడే దొరకవచ్చు.

సలహా చెప్పే అర్హత ఎలా వస్తుంది?

బ్రిటన్‌లో ఇలా పత్రికల్లో సలహాలు చెప్పేవాళ్లను ముద్దుగా అగొనీ ఆంట్ అంటారు. వీళ్లలో పేరుపొందినవాళ్ల జీవితాలు చూస్తే డిగ్రీలకంటే వేరేది కనబడుతుంది.

వుమన్ పత్రిక 1937లో మొదలైంది. అందులో 'ఎవెలిన్ హోమ్' అనే పేరుతో సలహాలు వచ్చేవి. ఆ పేరు గల మనిషి లేదు. ఆ పేరు వెనక 1974 దాకా ఉన్నది పెగ్గీ మేకిన్స్, చిన్న వయసులో ఆఫీసు పనికని ఆ పత్రికలో చేరిన యువతి. 1950ల చివర ఆ పత్రిక వారానికి ముప్ఫై లక్షల ప్రతులకు పైగా అమ్ముడయ్యేది. అంటే ఆవిడ మాట ఎన్ని ఇళ్లకు వెళ్లేదో ఊహించుకోవచ్చు.

డైలీ మిర్రర్‌లో 'డియర్ మార్జ్' రాసిన మార్జొరీ ప్రూప్స్ ఫ్యాషన్ బొమ్మలు వేస్తూ పత్రికల్లోకి వచ్చారు. లక్షలమంది కాపురాలకు సలహా చెప్పిన ఆవిడ కాపురం సుఖంగా సాగలేదనీ, ఏళ్ల తరబడి వేరొకరితో రహస్యంగా అనుబంధం ఉండేదనీ 1993లో వచ్చిన ఆవిడ జీవితచరిత్ర చెప్పింది. కొందరు దాన్ని మోసమన్నారు. నేననుకోను. దెబ్బ తగిలిన చోటు తెలిసినవాళ్లే ఇంకొకరి దెబ్బ మీద మెల్లగా చెయ్యి వేయగలరు.

నర్సుగా పనిచేసి వచ్చిన క్లేర్ రేనర్ సన్, సండే మిర్రర్ పత్రికల్లో రాశారు. తన బాల్యం ఎంత క్రూరంగా గడిచిందో 2003లో వచ్చిన ఆత్మకథలో చెప్పారు. శరీరం గురించి, గర్భనిరోధం గురించి దేశం నోరు నొక్కుకుని మాట్లాడే రోజుల్లో ఆవిడ సూటిగా మాట్లాడారు. పత్రికలో వేసే నాలుగైదు ఉత్తరాలు ఈ వృత్తిలో కనబడే భాగం మాత్రమే. కనబడనిది వేల ఉత్తరాలకు విడివిడిగా వెళ్లే జవాబులు, వాటితోపాటు సమాచార పత్రాలు. వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబివ్వాలన్నది రేనర్ పట్టుదల. 2010లో ఆవిడ పోయినప్పుడు దేశం సొంత మనిషి పోయినట్టు బాధపడింది.

మంచి జవాబు ఎలా తయారవుతుంది?

మొదట చెప్పిన తాళంచెవి ఉత్తరం మళ్లీ చూడండి. అడిగింది అత్తగారి గురించి. చేయి తిరిగిన సలహాదారు కన్ను మాత్రం మొగుడి మాట దగ్గర ఆగుతుంది. తాళం మారిస్తే తీరే సమస్య అయితే ఆవిడ ఎప్పుడో మార్చేది. ఆవిడ కావాలనుకుంటున్నది భర్త తనవైపు నిలబడటం. ఇంకా కిందకు వెళితే చివరి వాక్యం ఉంది: నేనే తప్పుగా ఆలోచిస్తున్నానా? తన మీద తనకే నమ్మకం సడలిన మనిషి మాట అది. జవాబు అక్కడి నుంచి మొదలు కావాలి.

ఇలా రాయని ప్రశ్నను పట్టుకోవడం సగం పని. మిగతా సగం, రేపు ఉదయం చేయదగిన ఒక్క పని చెప్పడం. ఎప్పుడు మాట్లాడాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, జీపీ దగ్గరికా, సిటిజన్స్ అడ్వైస్ దగ్గరికా, 1938 నుంచి దంపతులకు సాయం చేస్తూ వచ్చిన రిలేట్ లాంటి సంస్థ దగ్గరికా. ఇప్పటి కొన్ని శీర్షికలతో నాకున్న పేచీ ఇక్కడే. ఏ కష్టానికైనా "కౌన్సెలింగ్‌కు వెళ్లండి" అని ఒక్క ముక్కతో ముగిస్తారు. దాని కోసం వారాలో నెలలో ఎదురుచూడాల్సి రావచ్చు. అప్పటిదాకా ఆ మనిషి ఏం చేయాలో చెప్పకపోతే జవాబు సగమే.

ఉత్తరాలు నిజమైనవేనా?

ఎక్కువ భాగం నిజమైనవే, కానీ ఉన్నవి ఉన్నట్టు అచ్చు కావు. ఊరు, వయసు, పిల్లల సంఖ్య మారుస్తారు, పొడుగు ఉత్తరాన్ని కుదిస్తారు. రాసినవాళ్ల ఇంట్లోవాళ్లు గుర్తుపట్టకుండా ఉండాలంటే అది తప్పదు. సలహాదారు పేరు కల్పితం కావడమూ మామూలే. డండీ నగరం నుంచి 1964 మొదలు 1993 దాకా వచ్చిన జాకీ అనే ఆడపిల్లల పత్రికలో 'క్యాథీ అండ్ క్లేర్' అని సలహాలు వచ్చేవి. ఆ పేర్లతో ఇద్దరు అమ్మాయిలు లేరు, పత్రిక సిబ్బందే రాసేవారు. ఆ పేర్లను నమ్మి ఉత్తరం రాసిన పిల్లల కష్టాలు మాత్రం కల్పితం కావు.

కాలం మారితే సలహా కూడా మారుతుందా?

మారుతుంది, మారకపోతే ప్రమాదం. ఎవెలిన్ హోమ్ రాయడం మొదలుపెట్టిన 1937లోనే ఇంగ్లండ్, వేల్స్‌లో విడాకుల చట్టం సడలింది. అంతకుముందు వ్యభిచారం రుజువు చేస్తే తప్ప విడాకులు దాదాపు రావు. కొత్త చట్టం క్రూరత్వాన్నీ, వదిలేసి వెళ్లడాన్నీ కూడా కారణాలుగా ఒప్పుకుంది. ఆ సంగతి తెలిస్తేనే, దెబ్బలు తింటున్నావిడకు అంతకుముందటి సలహాదారు "ఓర్చుకో" అని ఎందుకు రాశారో, తరువాతివారు "బయటికి రా" అని ఎలా రాయగలిగారో అర్థమవుతుంది. భార్య మీద భర్త చేసే అత్యాచారం నేరమేనని హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది 1991లో. చెయ్యి చేసుకోకుండానే డబ్బు, ఫోను, రాకపోకలు అదుపులో పెట్టి మనిషిని నలిపెయ్యడం 2015 చట్టంతో నేరమైంది. జీతం మొత్తం భర్త ఖాతాలోకి వెళుతున్న ఆవిడ ఇదే ఉత్తరం 1975లో రాసి ఉంటే, సర్దుకుపొమ్మనే జవాబు రావడానికే ఎక్కువ అవకాశం. పాత సంచికలు తిరగేస్తే ఆ కాలపు మనుషులు దేనికి సిగ్గుపడ్డారో, దేన్ని మామూలనుకున్నారో వాళ్ల మాటల్లోనే దొరుకుతుంది. చట్టాల పుస్తకంలో అది దొరకదు.

చదవడం వల్ల మేలు ఉందా?

ఉంది. తొందరపడి తీర్పు చెప్పి, జవాబు చదివాక వెనక్కి తగ్గడం అలవాటైన మనిషి ఇంట్లోనూ కాస్త ఆగి మాట్లాడతాడు. తన కష్టమే ఇంకొకరి పేరు లేని ఉత్తరంలో చూసుకున్న మనిషికి, తను ఒంటరి కాదని తెలుస్తుంది. అయితే శీర్షికకు ఒక హద్దుంది. ఈ రోజు రాసిన ఉత్తరానికి జవాబు వచ్చే వారంలో రాకపోవచ్చు, అసలు అచ్చు కాకపోవచ్చు.

కాబట్టి బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. చదువుతున్న ఉత్తరం మీదే అనిపిస్తే పేజీ తిప్పేసి ఊరుకోకండి. సమారిటన్స్ ఫోను 116 123 పగలూ రాత్రీ ఉచితం. ఇంగ్లండ్‌లో ఇంట్లో హింస ఎదుర్కొంటున్న ఆడవాళ్లకు 0808 2000 247, అదీ ఉచితమే, ఎప్పుడైనా చేయవచ్చు. పిల్లలకు చైల్డ్‌లైన్ 0800 1111. మీ అసలు పేరు చెప్పాలని ఎవరూ పట్టుబట్టరు.